పోయింది అంటే, కుప్పానికి

నా భార్య బతికుండగానే చనిపోయిందని ఒక కాలేజీ పిల్ల రాసింది. రాసి ఊరుకుని ఉంటే ఎవరికీ తెలియకపోయేది. మా పుంగనూరులో బడి హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి, మైకులో చదివింది. ముందు వరుసలో చేతుల కుర్చీ వేసి, నన్ను అందులో కూర్చోబెట్టి మరీ చదివింది.

ఆ చదువుతున్న సమయానికి మా ఇంటామె కుప్పంలో ఉంది. కంటి ఆపరేషను చేయించుకున్న చెల్లెలికి పూటపూటా మందు చుక్కలు వేస్తూ, ఆ ఇంటి కోడలి వంటలో తప్పులు వెతికిపెడుతూ, నాకు తెలిసి ఎప్పటికంటే ఆరోగ్యంగా ఉంది.

ఇది ఎట్లా జరిగిందో చెప్పాలంటే ముందు ఆ చదువు సంగతి చెప్పాలి. సమాజ సేవకు డిగ్రీ ఒకటి ఉంటుందని నాకు మొన్నమొన్నటి వరకు తెలియదు. మా కాలంలో సమాజ సేవ అంటే పక్కింట్లో పెండ్లయితే బల్లలు మోయడం, ఎదురింట్లో శవం లేస్తే పాడెకు వెదుళ్ళు కొట్టుకురావడం. దానికి మార్కులు వేసేవాళ్ళు లేరు. ఎవడైనా రాకుండా తప్పించుకుంటే మాత్రం వాడి మనవడి పెండ్లి దాకా ఆ సంగతి గుర్తుపెట్టుకునేవాళ్ళు. అదే మాకు పరీక్ష.

ఇప్పుడట్లా కాదు. ఏండ్ల తరబడి చదవాలి. మనిషితో ఎట్లా మాట్లాడాలో, ఎట్లా వినాలో, ఎదుటివాడు ఏడిస్తే ఎంతసేపు ఊరుకోవాలో అన్నీ పుస్తకాల్లో ఉన్నాయట. వారంలో రెండు రోజులు తరగతి గది వదిలి ఊళ్ళలో తిరగాలి. దాన్ని ఫీల్డ్ వర్క్ అంటారు. అందులో ఫెయిలైతే మిగతా పుస్తకాలన్నీ కంఠతా వచ్చినా ఆ పిల్లలకు డిగ్రీ చేతికి రాదు. ఇదంతా నాకు వివరంగా చెప్పినవాడు మదనపల్లె కాలేజీ నుంచి ఆ పిల్లలను వెంటబెట్టుకొచ్చిన సారు. కలకడ వైపు మనిషి. పడుచువాడు. అప్పుడే పెట్టుకున్న గడ్డాన్ని మాటిమాటికీ తడుముకుంటూ మాట్లాడతాడు.

ఈ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆ సారు మా పక్కింటామెను అడిగాడట. ఆమె ఉన్నమాటే చెప్పింది. ఆ ఇంట్లో పెద్దాయన ఒగడే ఉండాడు అంది. ఆ రోజుల్లో నేను ఒక్కణ్ణే ఉన్నమాట నిజం. అట్లా నా ఇల్లు ఒక పిల్లకు పాఠంగా రాసిపెట్టబడింది.

పిల్ల చక్కగా ఉంది. గోదావరి జిల్లా వాళ్ళు. తండ్రి ఉద్యోగం బదిలీ మీద మా జిల్లాకు వచ్చి రెండేండ్లయిందట. మాటకొకసారి అండీ అంటుంది. నేను వీధిలోకి చెయ్యి చూపించి కుక్కను అదిలిస్తే, కుక్కతో కూడా పక్కకు వెళ్ళండీ అంటుందేమో అనిపించింది. గడప దగ్గర చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుంది. నేను చేటలో చెనక్కాయలు పోసుకుని ఒలుస్తున్నాను.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారండీ?"

"ఇప్పుడు నేనొగన్నే."

"మరి మీ భార్యగారు?"

"పోయింది."

పిల్ల పెన్ను ఆగిపోయింది. నా ముఖంలోకి చూసి, తల దించుకుని, చాలాసేపు మాట్లాడలేదు. ఎండలో బస్సు దిగి నడిచొచ్చిన పిల్ల, కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుని మజ్జిగ తెచ్చిచ్చాను. తర్వాత తెలిసింది, ఎదుటివాళ్ళు దుఃఖం చెప్పినప్పుడు మౌనంగా ఉండాలని వాళ్ళ పుస్తకంలో ఉందట. పిల్ల పుస్తకం ప్రకారమే చేసింది. మజ్జిగ కూడా మౌనంగానే తాగింది.

"ఎప్పుడండీ?"

"మొన్న శనివారం."

"అయ్యో. ఎలా జరిగిందండీ?"

ఈ ప్రశ్న నాకు కొంచెం వింతగానే తోచింది. పుంగనూరు నుంచి కుప్పానికి ఎట్లా పోతారు?

"ఎట్లేముండాది తల్లీ. బస్సులోనే."

"బస్సులోనా?" అని పిల్ల గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "పక్కన ఎవరూ లేరా అండీ?"

"ఆయమ్మకు తోడెందుకు? ఒగితే పోయింది. పోయేది పోయి, బీరువా బీగాలు యాడ పెట్టిందో సెప్పకుండా పోయింది సూడు. అదీ నా బాధ."

ఇక్కడ పిల్ల ముక్కు ఎగబీల్చింది. మరి మీరు ఎలా తట్టుకుంటున్నారండీ అని అడిగింది. రాగి సంగటి నేనే గెలుక్కుంటున్నానని, ఉండలు కడుతున్నాయని, ఉప్పు ఒకపూట ఎక్కువ ఒకపూట తక్కువ అవుతోందని చెప్పాను. మరి దిగులుగా అనిపించదా అంది. దిగులు దేనికి, ఇల్లు నెమ్మదిగా ఉంది, టీవీ నా చేతికొచ్చింది, వార్తలు ఆసాంతం చూస్తున్నానని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్ల నా వైపు జాలిగా చూసి చాలాసేపు రాసుకుంది. ఈ కాలం చదువుల్లో మర్యాద బాగానే నేర్పుతున్నారు, భార్య ఊరికి పోతే కూడా ఇంత పరామర్శ చేస్తున్నారు అని నేను లోపల మెచ్చుకున్నాను కూడా.

చివరికి ఎంతవరకు చదువుకున్నారండీ అని అడిగింది. నేను బడికి పోలేదని చెప్పాను. ఆ పిల్ల రెండక్షరాలు గీకి పుస్తకం మూసింది. ఆ రెండక్షరాల సంగతి మళ్ళీ చెబుతాను.

నెల తిరక్కముందే బడి హాలులో సభ పెట్టారు. పిల్లలు ఊళ్ళో ఏం చూశారో ఊరివాళ్ళకే చదివి వినిపించాలట, అది కూడా వాళ్ళ చదువులో భాగమట. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. ఒకరు వీధి కుళాయిల మీద చదివారు, ఒకరు చదువు మానిన పిల్లల మీద చదివారు. తర్వాత మా గోదావరి పిల్ల లేచింది. పేర్లు చెప్పకూడదు కాబట్టి చెప్పడం లేదని ముందే చెప్పింది. ఈ వీధిలో ఒక వృద్ధుడు, చాలా ఏండ్లు టమోటా మార్కెట్టులో వేలం పాట పాడిన వ్యక్తి అని మొదలుపెట్టింది. పుంగనూరులో అట్లాంటివాడు ఇంకొకడు ఉంటే పేరు దాచినట్టే. జనమంతా నా వైపు తిరిగారు. నేను చొక్కా సర్దుకున్నాను.

ఇటీవల బస్సు ప్రయాణంలో ఆకస్మికంగా భార్యను కోల్పోయారు అని చదివింది. ఆ వియోగాన్ని మనసు ఇంకా అంగీకరించలేదు, అందుకే ఇల్లు నెమ్మదిగా ఉందని పైకి నవ్వుతూ చెబుతారు అని చదివింది. బీరువా తాళాల దగ్గర మాత్రం గొంతు జీరబోయింది అని చదివింది. అక్షరాస్యత లేదు అని కూడా చదివింది.

నా వెనక కూర్చున్న పాలాయన నా భుజం మీద చెయ్యి వేసి, ఎప్పుడు తెచ్చినారు, ఎప్పుడు ఎత్తినారు, పక్క వీధిలో ఉండి మాకు ఒక మాట చెప్పకపోతిరే అని నిష్ఠూరమాడాడు. పక్కింటామె మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ఆ పొద్దున్నే ఆమె మా ఇంటామెతో ఫోనులో గంటసేపు మాట్లాడి వచ్చింది మరి.

నేను లేచాను. మార్కెట్టులో లారీల హోరు మీదుగా వినిపించిన గొంతు, నాకు మైకుతో పని లేదు.

"నా పెండ్లాము సచ్చిపోయిందని నీకెవురు సెప్పినారమ్మా?"

"మీరే కదండీ చెప్పారు. పోయారన్నారు."

"పోయింది అన్నాను. కుప్పం పోయింది. సెల్లెలింటికి."

హాలు ఎట్లా నవ్విందో చెప్పలేను. పాలాయన నా భుజం వదిలి తన తొడ చరుచుకున్నాడు. కలకడ సారు గడ్డం తడమడం మరిచిపోయాడు. పిల్ల కాసేపు కాగితం వైపే చూసి, తర్వాత అక్కడే మైకు ముందు ఏడ్చింది. మైకు ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆ ఏడుపు కూడా హాలంతా వినిపించింది.

మాటకు మాట చెప్పాలి. మా వైపు మనిషి చనిపోయినా పోయిందనే అంటారు. కానీ అట్లా అనేటప్పుడు ముందొక నిట్టూర్పు, వెనకొక పాపం ఉంటాయి. గొంతు దిగుతుంది. ఊరికి పోయినప్పటి పోయింది వేరు, అది గోడకు కొట్టిన బంతిలా చటుక్కున వస్తుంది. ఇది చెనక్కాయ కొట్టంలో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఆ పిల్ల ఊళ్ళో మనిషి ఊరికి వెళ్తాడు, చనిపోతే పోతాడు. రెంటికీ రెండు మాటలు ఉండడంతో వాళ్ళకు గొంతు వినవలసిన పని పడలేదు. మా వైపువాడైన సారుకైనా తెలియదా అంటే, ఆ కాగితం ఆయన చేతికి వచ్చేసరికి నా మాట అందులో లేదు. పిల్ల దాన్ని తన తెలుగులోకి మార్చి మరణించారు అని రాసేసింది. చావు అప్పటికే ఖాయమైపోయి ఉంది.

మరుసటి రోజు సారు ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. క్షమించమని అడిగాడు. నేను అంత తేలిగ్గా దిగిరాలేదు. మీరు అదే హాలులో, అదే మైకులో, అదే జనం ముందర ఆ మనిషి బతికే ఉందని చదవాలి, నాకు అక్షరం వచ్చని కూడా చదవాలి, లేకపోతే నేను కాలేజీకి రాసిస్తాను అన్నాను. సారు గడ్డం తడుముకున్నాడు. మీరు రాసిస్తే ఆ అమ్మాయి ఫీల్డ్ వర్క్ మొత్తం కొట్టేస్తారు, తన వెనక పిల్లలతో కలిసి వచ్చే ఏడాది మళ్ళీ చెయ్యాలి అన్నాడు. ఆ పిల్ల అంతవరకు కూడా ఆగేటట్టు లేదట. మనిషి చెప్పింది వినడమే రాని నేను ఈ పనికి పనికిరాను, మానేసి ఇంకేదైనా చదువుకుంటానని ముందు రాత్రి హాస్టల్లో పెట్టె సర్దుకుందట.

నాకు జాలి కలిగిందా అంటే కలిగింది. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. రెండూ ఒకే కడుపులో ఉంటాయి, ఉండకూడదని ఎక్కడా లేదు.

నా కోపం గురించి కూడా కొంత చెప్పాలి. నేను బడికి పోలేదు గాని చదువుకున్నాను. పదేండ్ల వయసులో మండీలో మూటలు కుట్టడానికి పెట్టారు. గోనె సంచుల మీద నల్ల సిరాతో అక్షరాలు కొట్టేవాళ్ళు, ఏ మూట ఏ షావుకారుదో తెలిసేటట్టు. ఆ మూటలే నా బాలశిక్ష. మ అంటే మూల దుకాణం వాళ్ళది, గ అంటే గాడి వీధి వాళ్ళది. అచ్చుల కంటే ముందు హల్లులు నేర్చుకున్న మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను, ఎందుకంటే అ అక్షరంతో మొదలయ్యే షావుకారు మా ఊళ్ళో లేడు. తర్వాత టీ అంగట్లో పేపరు. బి.కొత్తకోట బస్సు కోసం కాచుకున్నవాళ్ళు చదివి పారేసిన వారపత్రికలు. మదనపల్లెలో టమోటా పాడే రోజుల్లో, పాట అయిపోయాక తిరగేసిన బాక్సు మీద కూర్చుని దొరికిందల్లా చదివాను. ఇప్పటికీ మందు సీసా మీద రాసింది చదవకుండా మందు వేసుకోను. అట్లాంటివాణ్ణి పట్టుకుని అక్షరాస్యత లేదు అని మైకులో చదివితే ఎట్లా ఉంటుంది?

అందుకే ఇస్త్రీ చొక్కా వేసుకుని మదనపల్లె బస్సెక్కాను.

కాలేజీలో ఆ చదువు చెప్పే గదులు మేడ మీద ఉన్నాయి. గోడల నిండా పిల్లలు రాసి అంటించిన అట్టలు. నేను ఏది కనిపించినా చదువుతాను కాబట్టి అన్నీ చదివాను. ముందు విను, తర్వాత విను, ఆ తర్వాత మాట్లాడు అని ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉంది. దాని కిందనే, బల్ల మీద ఆ గోదావరి పిల్ల కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి దండం పెట్టింది. కండ్లు ఉబ్బి ఉన్నాయి. నేను తల ఊపి లోపలికి పోయాను.

పెద్ద మేడమ్ నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది. నేను నా బాధంతా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డం రాకుండా వింది. ఎంత బాగా వింటోందంటే, చెప్పేకొద్దీ నా కోపం నాకే కొంచెం పొడుగైనట్టు తోచింది. అదీ ఒక విద్యే. నేను ఆగిన తర్వాత ఆమె ఒక్కటే అంది. తప్పు మాది, అన్యాయం మీకు జరిగింది, మీరు ఏం చెయ్యమంటే అది చేస్తాం, మీరు కొట్టెయ్యమంటే ఆ అమ్మాయి ఫీల్డ్ వర్క్ కొట్టేస్తాం అంది.

ఇట్లా ఇరికిస్తుందని నేను అనుకోలేదు. పాట పాడేవాడికి బేరం తన మీదికే వస్తే నోరు పెగలదు. బయట బల్ల మీద ఆ పిల్ల కనిపిస్తూనే ఉంది. జరిగింది నాకు కాదు మేడమ్ అన్నాను. సచ్చింది నేను కాదు గదా. సచ్చినామె గురువారం కుప్పం నుంచి వస్తుంది. ఆమె ఎట్లా చెబితే అట్లా అన్నాను. మేడమ్ నవ్వు ఆపుకోవడానికి కాఫీ కప్పు నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి వస్తూ ఆ అట్ట చూపించి, చివర్లో యాడికి అని అడుగు అని కూడా రాయించండి అన్నాను.

గురువారం దాకా నేను ఫోనులో మా ఇంటామెకు ఏమీ చెప్పలేదు. ఆపరేషను అయిన చెల్లెలి పక్కన కూర్చుని ఈ మాట వింటే ఇద్దరూ నవ్వుతారో ఏడుస్తారో, ఏదైనా ఆ కంటికి మంచిది కాదు. ఆమె వస్తే ఎట్లా మండిపడుతుందో మాత్రం రోజూ ఊహించుకున్నాను. ఆమె నోటికి పుంగనూరు సంతలో ఎదురు లేదు.

వచ్చింది. సంచి దించి, కాళ్ళు కడుక్కుని, బీరువా బీగాలు బియ్యం డబ్బాలోంచి తీసి నా ముందు పెట్టింది. ఈడ్నే ఉండాయి గదా, కండ్లు లేవా అంది. తర్వాత కూర్చుంది. నేను సభ సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. హాలు, మైకు, పాలాయన, బస్సులో చావు, అక్షరాస్యత, అన్నీ. ఆమె కనుబొమ్మ కూడా కదల్లేదు. అంతా విని ఒకే మాట అడిగింది.

"ఎవురన్నా ఏడ్సినారా?"

"ఏడ్సేదేంది?"

"నేను సచ్చిపోయినానని సదివితే, నా కోసరం ఎవురన్నా ఏడ్సినారా అంటాండా. నువ్వు ఏడ్సింటావా?"

నేను ఏడవలేదు, అరిచాను అన్నాను. ఆ పిల్ల మాత్రం ఏడ్చింది అన్నాను. బాగా ఏడ్చిందా అని అడిగింది. మైకులో ఏడ్చిందన్నాను. అప్పుడు మా ఇంటామె పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలి, సరే, ఇంక ఏం బయం లేదు అంది.

విషయం ఏమంటే, కుప్పం పోయిన మూడో రోజు మిద్దె మీద వడియాలు తీస్తుంటే ఆమె తల మీద కాకి తన్నిందట. కాకి తన్నితే మా వైపు ఎంత కీడో తెలిసిందే. దానికి విరుగుడు ఒకటే. ఆ మనిషి చనిపోయిందని దగ్గరివాళ్ళకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఏడవాలి. ఆ కండ్లనీళ్ళతో కీడు కొట్టుకుపోతుంది. తర్వాత, అబ్బే బతికే ఉంది అని చెబితే తిట్టుకుని, నవ్వుకుని, అన్నం తిని పోతారు. ఈమెకు కాకి తన్నిందే గాని, కబురు ఎవరికి పంపాలో తోచలేదట. నాకు పంపితే ఏడ్చే రకం కాదట. చెల్లెలు ఏడవకూడదని డాక్టరు చెప్పాడట. ఇంతలో దేవుడే కాలేజీ పిల్లను పంపినాడు అంది. ఖర్చు లేకుండా మైకులో కబురు, మైకులో ఏడుపు. ఇంతకంటే గట్టిగా ఏ కీడు పోతుంది?

"ఆ బిడ్డకు మనమే అన్నం పెట్టల్ల. నువ్వేమో ఫెయిలు సేపిస్తానని బస్సెక్కి పోయినావంట."

బస్సెక్కి పోయిన సంగతి నేను ఇంకా చెప్పలేదు. ఆ క్షణంలో అది నాకు తట్టలేదు. నా బాధ చెప్పుకునే తొందరలో ఉన్నాను. నీ చావు మాట సరే, నాకు అక్షరాలు రావని రాసినారే, అదేం చేద్దాం అన్నాను.

మా ఇంటామె నా వైపు తిరిగి తీరిగ్గా నవ్వింది.

"నాకు తెలుసు. నన్ను సంపినందుకు గాదు సామీ నీకు కోపం. నీకు సదువు రాదన్నందుకు."

నేను బీగాలు తీసుకుని బీరువాలో నా కండ్లద్దాలు వెతుక్కోవడానికి పోయాను.

మరుసటి ఆదివారం సారు ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల గడప దగ్గరే నిలబడిపోయింది. లోపల నుంచి చనిపోయిన మనిషి వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. క్షమించండి అని పిల్ల మొదలుపెట్టేలోగా, నువ్వు ఏడ్సి నా పానం నిలబెట్టినావు బిడ్డా అని కాకి కథంతా చెప్పింది. పిల్లకు సగం అర్థమైంది. సారు మిగతా సగం చెప్పాడు. ఇలాంటిది మా పుస్తకంలో లేదండీ అంది పిల్ల. మీ పుస్తకంలో కాకులుండవులే అంది మా ఇంటామె.

సంగటి పెట్టింది, రోట్లో నూరిన చెనక్కాయల ఊరుబిండి పెట్టింది. పిల్ల సంగటిని నమలడం మొదలుపెట్టింది. సంగటిని నమిలేవాళ్ళను మేము ఊరికే చూడలేం. మింగల్ల బిడ్డా, అది మాటిమాటికీ నమిలేది గాదు, నమిలితే మాయప్ప కోపం మాదిరి పెరుగుతానే ఉంటాది అని నన్ను చూపిస్తూ మా ఇంటామె నేర్పించింది. నేను కంచంలోంచి తల ఎత్తలేదు.

తిన్న తర్వాత, మొదటినుంచి మళ్ళీ అడుగు, ఈ తడవ నన్ను అడుగు అని చాప మీద ఎదురుగా కూర్చుంది. అప్పటికి నేను తమలపాకుల కోసం వీధి చివరికి పోయి ఉన్నాను, కిటికీ కింద నుంచి వస్తూ విన్నాను. పిల్ల పుస్తకం తెరిచి, ఇంట్లో ఎవరెవరు ఉంటారండీ అని వణుకుతూ అడిగింది.

"నేనూ, మాయప్పా."

"ఆయన ఎక్కడున్నారండీ?"

"ఆయనా? పోయినాడు."

పెన్ను కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత పిల్ల గొంతు, ఈసారి వణుకు లేకుండా:

"యాడికి?"

అంగడికి అంది మా ఇంటామె. సారు నవ్వు వీధిలోకి వినిపించింది. మా మాటను ఆ పిల్ల నోట వినడం అదే మొదలు. అండీ అనడం కూడా మరిచిపోయింది.

నేను కాలేజీకి ఏమీ రాసివ్వలేదు. పిల్ల కొత్తగా రాసుకొచ్చింది. అందులో మా ఇంటామె బతికి ఉంది. నా చదువు దగ్గర, గోనె సంచుల నుంచి స్వయంగా నేర్చుకున్నారు అని ఉంది. హాలు మళ్ళీ దొరకలేదు గాని, సారు మా వీధి మొగదలలో నలుగురిని నిలబెట్టి ఆ ముక్క చదివి వినిపించాడు. పాలాయన చప్పట్లు కొట్టాడు. మా ఇంటామెను చూస్తే మాత్రం ఇప్పటికీ, ఏం పెద్దమ్మా, ఎప్పుడు లేచొచ్చినావు అని అడుగుతాడు.

పిల్ల ఆ డిగ్రీ గట్టెక్కింది. పెట్టె విప్పుకుంది. ఇప్పుడు కుప్పం పక్క పల్లెల్లో ముసలి ఆడవాళ్ళ మంచిచెడ్డలు చూసే పనిలో ఉంది. అక్కడ తెలుగులో అరవం, అరవంలో కన్నడం కలిసి ఉంటాయి. అర్థం కాని మాట దొరికినప్పుడల్లా మా ఇంటామెకు ఫోను చేస్తుంది. మొన్న, ఒక అవ్వ సుమ్మా వచ్చినాను అంటోందండీ, సుమ్మా అంటే ఏమిటండీ అని అడిగింది. ఊరికే అని అర్థం, కానీ ఊరికే ఎవురూ రారు, కూసోబెట్టి అడుగు అని ఈమె చెప్పింది.

నాకు మిగిలిన అనుమానం ఒక్కటే. నాకు జ్ఞాపకం ఎక్కువ. మా అన్న గంగవరంలో ఉండేవాడు. నీళ్ళ వంతు దగ్గర మాట పెరిగి మేమిద్దరం రెండు వానకాలాలు మాట్లాడుకోలేదు. అప్పుడు కూడా ఈమెకు కాకి తన్నింది. ఈమె చనిపోయిందని మా అన్నకు కబురు పోయింది. ఆయన ఏడ్చుకుంటూ మొదటి బస్సుకు వచ్చి, గడపలో బియ్యం చెరుగుతున్న మనిషిని చూసి, అక్కడే కూలబడి నవ్వి, కాఫీ తాగి, నా పక్కన కూర్చుని నీళ్ళ వంతు సంగతి ఆయనే తేల్చి పోయాడు. ఆ కాకిని కూడా ఎవరూ చూడలేదు.

పైగా పక్కింటామె ఒక రోజు నోరుజారింది. సభ అయిన సాయంత్రమే కుప్పానికి ఫోను చేసి హాలు, మైకు, పిల్ల ఏడుపు అన్నీ చెప్పిందట. నేను మదనపల్లె బస్సెక్కిన సంగతి కూడా, నేను దిగకముందే చెప్పిందట. అంటే ఈమె కుప్పంలో బస్సెక్కే నాటికే అంతా తెలుసు. ఎవరన్నా ఏడ్సినారా అని అంత అమాయకంగా అడిగిన మనిషి.

అప్పటినుంచి అడుగుతూనే ఉన్నాను. ఒకసారి కాకినే అడుగుపో అంది. ఒకసారి, నీకు తన్నింటే తెలిసేది అంది. ఒకసారి వినపడనట్టు పొయ్యి ఊదింది, మాకు గ్యాసు పొయ్యి వచ్చి చాలా కాలమైంది. మొన్న మధ్యాహ్నం ఇద్దరం చేట ముందు కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నాం. పిట్టగోడ మీద కాకి వచ్చి వాలింది. దాన్ని చూపించి, ఇప్పుడన్నా నిజం చెప్పు, కుప్పంలో నీకు కాకి తన్నిందా లేదా అని అడిగాను. ఆమె ఒక కాయ చిదిపి, గింజలు నా వైపు తోసి, ఇట్లా అంది:

"ఆ బిడ్డ అప్పటికే ఏడ్సేసిండాది గదప్పా. కాకి తన్నలేదంటే, ఆ కండ్లనీళ్ళు ఉత్తపుణ్యానికి పోవా?"